పత్తి కాయలో మూడు పురుగులు, మూడు ఇంటిపేర్లు: రెక్కల పురుగుల చుట్టరికం రైతుకు ఎందుకు?

పైన వీడియోలో మూడు పత్తి కాయలు కోసి చూపించాను. మూడింట్లోనూ పురుగే ఉంది. వీడియో చూసి ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువ మంది అడిగింది ఒక్కటే: "అన్నా, కాయ తొలిచే పురుగు ఏదైతే ఏంది, కషాయం పేరు చెప్పు చాలు." వీడియోలో దానికి టైం సరిపోలేదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. కొంచెం ఓపికగా చదవండి. ఇది చదువుకున్నోళ్ల లెక్క కాదు, మీ జేబు లెక్క.

మొదటి కాయలో ఉన్నది శనగపచ్చ పురుగు. తల కాయ లోపల, ఒళ్లు సగం బయట పెట్టుకుని తింటుంది. రెండోది మచ్చల పురుగు, ఒంటి మీద నల్ల, గోధుమ మచ్చలు, చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. లేత పత్తిలో కొమ్మ చివర వాడి వేలాడితే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. మూడోది గులాబీ రంగు పురుగు. కాయ పైన చూస్తే రంధ్రమే కనబడదు, పగలగొడితే గానీ లోపల గింజ తింటున్నట్టు తెలీదు. మనం ముగ్గురినీ కలిపి "కాయతొలుచు పురుగు" అనేస్తాం. శాస్త్రం ప్రకారం మొదటిది నాక్టుయిడే కుటుంబం, రెండోది నోలిడే, మూడోది జెలెకిడే. మొదటి రెండూ దూరపు దాయాదులు అనుకోవచ్చు. మూడోదానికి వాటితో ఆ మాత్రం చుట్టరికం కూడా లేదు. ఆవు ఎక్కడ, ఏనుగు ఎక్కడ, అంత దూరం.

దీని వల్ల ఏమవుతుంది? మా దగ్గర్లో మూడెకరాలు కౌలుకు చేసే ఒక రైతు, మంచి పట్టున్న మనిషి, పత్తిలో లింగాకర్షక బుట్టలు పెట్టాడు. షాపులో "కాయపురుగు ఎర" అని అడిగితే శనగపచ్చ పురుగు ఎర ఇచ్చారు. నెల రోజులు బుట్టలు ఖాళీ. పురుగు లేదని ధైర్యంగా ఉన్నాడు. దీపావళి తర్వాత కాయలు పగలగొట్టి చూస్తే చాలావాటిలో గులాబీ పురుగు. ఎర అంటే ఆడ రెక్కల పురుగు వాసన. ఏ జాతి వాసనకు ఆ జాతి మగదే వస్తుంది. శనగపచ్చ పురుగుకు హెలిల్యూర్, గులాబీ పురుగుకు గాసిప్‌ల్యూర్, పొగాకు లద్దె పురుగుకు స్పోడోల్యూర్, వేటికవే వేరు. ఒకదాని ఎర పెట్టి ఇంకోదాని కోసం ఎదురు చూడటం అంటే పక్కూరి స్టేజి దగ్గర నిలబడి మన ఊరి బస్సు కోసం చూడటమే.

సరే, ఈ కుటుంబాల సంగతి మొదటి నుంచి చెప్తా. నేను డిప్లొమా చదివేటప్పుడు ఈ పేర్లన్నీ పరీక్ష కోసం బట్టీ పట్టినవే. బయో ఇన్‌పుట్ కేంద్రం పెట్టుకుని రైతులకు ఎరలు, వైరస్ ద్రావణాలు అమ్మడం మొదలుపెట్టాక వాటి విలువ తెలిసింది.

సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు అన్నీ ఒకే పెద్ద వర్గం, లెపిడోప్టెరా. అంటే పొలుసుల రెక్కలవి అని అర్థం. రెక్క పట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది కదా, అది పొడి కాదు, పొలుసులు. ఇప్పటికి పేరు పెట్టినవి ప్రపంచంలో దాదాపు 1 లక్షా 60 వేల జాతులు. అందులో సీతాకోకచిలుకలు సుమారు 18 వేలు, మిగతావన్నీ రెక్కల పురుగులే. జాతికి రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని జంతువులన్నిటికీ పాటించింది లిన్నేయస్, 1758లో. ఆ పద్ధతి మన తెలుగోళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనుక. స్పోడోప్టెరా ఇంటిపేరు, లిట్యురా పేరు. అదే ఇంటిపేరుతో ఫ్రూజిపెర్డా ఇంకొకటి. ఆ కత్తెర పురుగు సంగతి తర్వాత.

మన పొలాల్లో ఎక్కువ నష్టం చేసే నాక్టుయిడే కుటుంబానికి ఆ పేరు గుడ్లగూబ నుంచి వచ్చింది. లాటిన్‌లో నాక్టువా అంటే గుడ్లగూబ. రాత్రి తిరుగుతాయి, లావు ఒళ్లు, మసక రంగు, దీపం వెలుగులో కళ్లు మెరుస్తాయి. పేరు బాగానే కుదిరింది. 1809లో లాత్రెయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ కుటుంబాన్ని నిలబెట్టాడు. మన దేశంలో ఈ పని పెద్ద ఎత్తున చేసింది హాంప్సన్. ఆయన నీలగిరుల్లో టీ తోట పెట్టుకోవడానికి వచ్చిన మనిషి. రెక్కల పురుగుల మీద ఇష్టంతో చివరికి బ్రిటిష్ మ్యూజియంలో చేరాడు. ఈ ప్రాంతపు రెక్కల పురుగుల మీద 1892 నుంచి 1896 దాకా నాలుగు సంపుటాలు రాశాడు. తోట పని చేసే మనిషికి పురుగు మీద కన్ను పడటం వింతేం కాదు, మనకీ పడుతూనే ఉంటుంది.

వీటికి చెవులు ఉంటాయని మీకు తెలుసా? నాక్టుయిడే, దాని దాయాది కుటుంబాల్లో చెవి ఛాతీ వెనుక భాగంలో, నడుముకి దగ్గరగా ఉంటుంది. గబ్బిలం వేసే సన్నటి కూత వినగానే రెక్కలు ముడుచుకుని గిరుక్కున కిందపడిపోతాయి. వరి కాండం తొలుచు పురుగు, ఆకుముడత పురుగు ఉండే క్రాంబిడే వైపు చెవి పొట్ట మీద ఉంటుంది. అంటే కాండం తొలిచే పసుపు రంగు పురుగు, పత్తిలో పచ్చ పురుగు, రెండూ "రెక్కల పురుగులే" అయినా చెవి ఎక్కడుందో చూస్తే ఇల్లు వేరని తెలిసిపోతుంది. అదే వరిలో, రాగిలో, మొక్కజొన్నలో వచ్చే గులాబీ రంగు కాండం తొలుచు పురుగు మాత్రం నాక్టుయిడే. పని ఒకటే, ఇల్లు వేరు. గులాబీ అనే మాట కూడా మోసమే. ఇది వేరు, పత్తి గులాబీ పురుగు వేరు.

వెనకటికి నాక్టుయిడే అంటే చాలా పెద్ద కుటుంబం. మసక రంగు, లావు ఒళ్లు ఉన్నదాన్నల్లా అందులోనే వేసేవారు. అయితే వెనుక రెక్క ఈనెలు చూసి లోపల రెండు ముఠాలని పాతకాలంలోనే గుర్తుపట్టారు. వెనుక రెక్కలో కిందివైపు ఈనెల గుంపు కొన్నింటిలో మూడుగా, కొన్నింటిలో నాలుగుగా చీలుతుంది. ఒక ఈనె బాగా బలహీనపడిపోయినవి మూడు ఈనెలవి. 2000 తర్వాత డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చాక ఈ తేడా ఉట్టిది కాదని తేలింది. 2010-11 నాటికి కాపురాలు వేరుపడ్డాయి. మూడు ఈనెలవి ఎక్కువగా నాక్టుయిడేలో ఉండిపోయాయి, దాదాపు 12 వేల జాతులు. నాలుగు ఈనెలవి చాలావరకు ఎరెబిడే అనే కొత్త ఇంటికి వెళ్లాయి. అది ఇప్పుడు రెక్కల పురుగుల్లోనే అతి పెద్ద కుటుంబం, దాదాపు 25 వేల జాతులు. వేరే కుటుంబంగా ఉన్న గొంగళి పురుగుల గుంపును కూడా ఎరెబిడేలోనే కలిపారు. పత్తి మచ్చల పురుగు నోలిడేకి పోయింది. మీ దగ్గర పాత పుస్తకం ఉంటే ఈ పేర్లు అందులో వేరేగా ఉంటాయి, కంగారు పడొద్దు. ఇంటిపేరు మారింది గానీ పురుగు అదే.

ఇక్కడ ఆముదం చేను సంగతి చెప్పాలి. పాలమూరు వైపు ఆముదం వేసే ఎవరినడిగినా రెండు పురుగులు చెప్తారు: పొగాకు లద్దె పురుగు, దాసరి పురుగు. దాసరి పురుగునే కొన్ని చోట్ల నామాల పురుగు అంటారు, ఒంటి మీద నామాల్లాగా గీతలు ఉంటాయి కాబట్టి. నడక కూడా వేరు, నడుం ఎత్తి కొలుస్తున్నట్టు నడుస్తుంది. రెండూ ఆకు తినేవే, ఒకే ఆకు మీద కనబడతాయి కూడా. లద్దె పురుగు నాక్టుయిడే, దాసరి పురుగు ఎరెబిడే. లద్దె పురుగుకు వాడే ఎన్.పి.వి. వైరస్ ద్రావణం దాసరి పురుగుకు పని చేయదు. డబ్బు పెట్టి కొని, సాయంత్రం బెల్లం కలిపి కష్టపడి కొట్టి, మూడు రోజుల తర్వాత పురుగు హాయిగా తింటుంటే ద్రావణం నకిలీదని తిడతారు. ద్రావణం మంచిదే, పురుగు వేరు.

ఇంకో ముఖ్యమైన విషయం. దాసరి పురుగు వెనుక భాగాన తెల్లటి చిన్న గూడు అతుక్కుని కనబడితే దాన్ని చంపకండి. అది మైక్రోప్లైటిస్ అనే చిన్న కందిరీగ గూడు. పురుగు లోపల పెరిగి, తినేసి, బయటికొచ్చి కట్టుకున్న గూడు. ఆ పురుగు ఇక తినదు, ఎలాగూ చస్తుంది. మొక్కకు ఒకటి రెండు అలాంటివి కనబడితే ఏమీ కొట్టక్కర్లేదు, కషాయం కూడా. మన వాళ్లకి కషాయం అంటే ఎంత కొట్టినా మంచిదే అన్న నమ్మకం ఉంది. నా అభిప్రాయం వేరు. అగ్ని అస్త్రం మిత్ర పురుగుని అడిగి వదిలిపెట్టదు.

నడుం ఎత్తి నడిచేదల్లా ఎరెబిడే అనుకోవద్దు మళ్లీ. సోయాలో వచ్చే పచ్చ నామాల పురుగు కూడా అలాగే నడుస్తుంది, కానీ అది నాక్టుయిడేనే. పొట్ట కింద కాళ్లు లెక్కపెట్టండి. మామూలు లద్దె పురుగుకు చివరి జతతో కలిపి ఐదు జతలు. సోయా నామాల పురుగుకు మూడే. మధ్యలో కాళ్లు లేవు కాబట్టి నడుం ఎత్తక తప్పదు. భూతద్దం కూడా అక్కర్లేదు, పురుగుని పుల్ల మీద పాకనిస్తే చాలు.

ఇక ఎక్కడెక్కడ ఉంటాయనే విషయం. శనగపచ్చ పురుగును మన దగ్గర చాలామంది "అమెరికన్ కాయతొలుచు పురుగు" అంటారు. పాపం అమెరికాకి దీనితో సంబంధం లేదు. హెలికోవెర్పా ఆర్మిజెరా ఆఫ్రికా, దక్షిణ ఐరోపా, ఆసియా, ఆస్ట్రేలియాల పురుగు, అంటే మనది. అమెరికాలో ఉన్నది దీని తోబుట్టువు హెలికోవెర్పా జియా. 1965 దాకా రెండింటినీ హీలియోథిస్ అనే పేరు కిందే పెట్టారు, పాత పాంఫ్లెట్లలో ఇప్పటికీ ఆ పేరే కనిపిస్తుంది. 2013లో మన పురుగు బ్రెజిల్‌లో దొరికింది. అక్కడి సోయా, పత్తి రైతులు తలలు పట్టుకున్నారు. మనం వాళ్లకు ఒకటి పంపాం, వాళ్ల వైపు నుంచి మనకు కత్తెర పురుగు వచ్చింది.

పొగాకు లద్దె పురుగు కథా ఇలాంటిదే. ఆసియా నుంచి ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా ఉండేది స్పోడోప్టెరా లిట్యురా. ఆఫ్రికా, మధ్యధరా సముద్రం చుట్టూ ఉండేది లిట్టొరాలిస్. చూడటానికి కవలలు. 1960ల దాకా రెండూ ఒకటే అనుకున్నారు. చివరికి రెక్కలు చూసి కాదు, లోపలి జననాంగాలు చూసి విడదీశారు.

కత్తెర పురుగు సొంత ఊరు అమెరికా ఖండాలు. 2016 మొదట్లో పశ్చిమ ఆఫ్రికాలో బయటపడింది. రెండేళ్లలో దాదాపు ఆఫ్రికా అంతా పాకింది. 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్నలో మన దేశంలో మొదటిసారి గుర్తించారు. ఆ వానాకాలమే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మొక్కజొన్న చేలల్లో కనబడింది. 2019 జనవరిలో చైనా, 2020లో ఆస్ట్రేలియా. ఇదెలా సాధ్యమంటే, గాలి అనుకూలిస్తే ఒక్క రాత్రిలో సుమారు 100 కిలోమీటర్లు పోగలదు. మనం పొలం గట్టు చూసుకుని "నా చేనులో పురుగు లేదు" అంటాం. దానికి మన గట్టే కాదు, జిల్లా హద్దు కూడా లెక్కలేదు.

మొక్కజొన్న సుడిలో రంపపు పొట్టులాంటి పెంట, విప్పుకున్న ఆకులో వరసగా రంధ్రాలు ఉంటే కత్తెర పురుగేనని అనుమానించండి. తల మీద తలకిందులైన ఇంగ్లిష్ వై అక్షరం ఉంటుంది. తోక నుంచి రెండో కణుపు మీద నాలుగు నల్లచుక్కలు చతురస్రంలా ఉంటాయి. ఈ రెండు గుర్తులూ కలిసి ఉంటే అదే. వీడియోలో దగ్గరగా జూమ్ చేసి చూపించా.

ఒకే కుటుంబం అని తెలిస్తే లాభం కూడా ఉంది, నాకు బాగా నచ్చేది ఇదే. వైరస్‌లు ఏ పురుగుకి ఆ పురుగే. కానీ మెటారైజియం రైలీ అనే బూజు ఉంది, పాత పేరు నొమురియా. అది శనగపచ్చ పురుగు, లద్దె పురుగు, కత్తెర పురుగు మూడింటికీ పడుతుంది, మూడూ నాక్టుయిడే కదా. ముసురు పట్టిన రోజుల తర్వాత చేలో చూడండి. పురుగు ఆకుని పట్టుకునే కట్టెలా బిగుసుకుపోయి ఉంటుంది. ముందు తెల్లగా, తర్వాత లేత ఆకుపచ్చ పొడి పట్టినట్టు. అది బూజు పని. ఆ వారం ఏమీ కొట్టకుండా వదిలేస్తే మిగతా పురుగులకీ అదే అంటుకుంటుంది. మా దగ్గర వేరుశనగలో ఒకసారి అలాగే వదిలేశాం, చేను నిలబడింది.

ఒకే కుటుంబమైనా గుడ్లు పెట్టే తీరు వేరు, ఇది మరవకండి. లద్దె పురుగు, కత్తెర పురుగు గుడ్లు గుంపుగా పెట్టి పైన నూగు కప్పుతాయి. పిల్లలు మొదట గుంపుగానే తింటాయి, ఆకు జల్లెడలా అవుతుంది. ఆ జల్లెడ ఆకు తుంపి పారేస్తే ఒక్క దెబ్బకు వందల పురుగులు పోతాయి. ఆముదం ఎర పంటగా వేయమనేది అందుకే, పెద్ద ఆకు మీద గుంపు దూరం నుంచే కనబడుతుంది. శనగపచ్చ పురుగు ఒక్కొక్క గుడ్డు ఒక్కో చోట పెడుతుంది. దాన్ని ఏరడం ఎవరి వల్లా కాదు. దానికి బంతి ఎర పంట, పక్షి స్థావరాలు, పిల్ల దశలో వైరస్ ద్రావణం. కాయలోకి దూరాక ఏ కషాయమూ అందదు, ఎవరెన్ని చెప్పినా.

బి.టి. పత్తి విషయంలో కూడా కుటుంబం తేడా కనబడింది. 1997-98లో వరంగల్ వైపు పత్తిని లద్దె పురుగు, పచ్చ పురుగు ఎలా తినేశాయో, ఆ ఏడాది ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో మన పెద్దవాళ్లకు గుర్తే. 2002లో వచ్చిన మొదటి బి.టి. పత్తి పచ్చ పురుగుని ఆపింది, లద్దె పురుగు మీద పెద్దగా పని చేయలేదు. 2006లో రెండో జన్యువు కలిపారు. గులాబీ పురుగు మాత్రం మన దేశంలో ముందు ఒక జన్యువుకి, తర్వాత రెండింటికీ తట్టుకుంది. ఎందుకంటే ఇక్కడ దానికి పత్తే ఇల్లు, పత్తే తిండి. పచ్చ పురుగు శనగ, కంది, టమాట అన్నీ తిరిగి తింటుంది, బి.టి. విషం తగలని పురుగులు బయట బోలెడు మిగులుతాయి. గులాబీ పురుగుకి ఆ దారి లేదు, తరం తరం విషంలోనే పెరిగింది. అందుకే గులాబీ పురుగు ఉన్న ఊళ్లో జనవరి దాటి పత్తి కట్టె ఉంచకండి. నాలుగో ఏరుడు కోసం ఆశపడి తడి పెట్టడం వచ్చే ఏటికి విత్తనం వేసుకోవడమే, పురుగు విత్తనం.

ఎరెబిడేలో బత్తాయి రైతులకు తెలియాల్సింది ఒకటి ఉంది. నల్గొండ, అనంతపురం వైపు బత్తాయి కాయకు సూదితో గుచ్చినట్టు రంధ్రం పడి, చుట్టూ మెత్తబడి రాలిపోతుంది. పగలంతా వెతికినా పురుగు కనబడదు. అది రసం పీల్చే రెక్కల పురుగు, యుడోసిమా. అరచేయంత ఉంటుంది, వెనుక రెక్కలు నారింజ రంగు, నల్ల పట్టీలు. మిగతా పురుగుల్లో పిల్ల పంటను తింటుంది, ఇక్కడ తల్లే పంటను పాడు చేస్తుంది. దాని పిల్ల తినేది తిప్పతీగ, దూసరతీగ. కాబట్టి తోటలో పురుగు వెతికితే దొరకదు, కంచెలో వెతకాలి. మన ప్రకృతి వ్యవసాయదారులకు తిప్పతీగ పీకమంటే మనసొప్పదు. నేను చెప్పేది, తోట కంచె మీద ఉన్నది తీసేయండి, ఇంటి దగ్గర ఒకటి పెంచుకోండి. కాయ రంగు తిరిగే రోజుల్లో చీకటి పడ్డాక టార్చి వేసుకుని తిరగండి, కాయ మీద కూర్చుని దొరుకుతుంది.

వేరుశనగకు వచ్చే ఎర్ర గొంగళి పురుగు కూడా ఇప్పుడు ఎరెబిడేలోనే. ఇది నేలలో నిద్రపోయి, తొలకరి వానకు ఒక్కసారిగా రెక్కల పురుగులై బయటికొస్తుంది. ఊరంతా ఒకే రాత్రి గట్ల మీద మంటలు వేయాలనేది అందుకే. ఒక్కడు వేస్తే పక్కచేను పురుగులు కూడా వాడి చేనుకే వస్తాయి.

మీ చేలో ఏ కుటుంబం తిరుగుతోందో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. తెల్ల పంచె ఒకటి గట్టు మీద కట్టి, ముందు ఒక బల్బు పెట్టండి. అమావాస్య దగ్గర్లో ఎక్కువ వస్తాయి. నేను దీపం చూడటానికే పెడతా, చంపడానికి కాదు. పళ్లెంలో నీళ్లు పెడితే మిత్ర పురుగులూ పడి చస్తాయి. ముందు రెక్క మీద మూత్రపిండం ఆకారపు మచ్చ ఉంటే ఎక్కువగా నాక్టుయిడే. గడ్డి రంగు రెక్క, వెనుక రెక్క అంచున నల్లటి పట్టీ ఉంటే శనగపచ్చ పురుగు. గోధుమ రంగు రెక్క మీద తెల్ల గీతలు అల్లుకుని, వెనుక రెక్క తెల్లగా ఉంటే లద్దె పురుగు. చిన్నది, రెక్క మధ్య ఆకుపచ్చ చార ఉంటే పత్తి మచ్చల పురుగు. వెనుక రెక్క నల్లగా, మధ్య తెల్ల పట్టీ ఉంటే దాసరి పురుగు తల్లి.

తెలియనిది కనబడితే రెక్కలు విప్పి ఉండగా పైనుంచి ఒక ఫోటో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఇంకో ఫోటో తీయండి. ఏ పంటలో, ఏ తేదీన అని రాసి పెట్టుకోండి. మీ కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. పురుగుల గుర్తింపు కోసమే బెంగళూరులో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ కూడా ఉంది. ఈ అమావాస్యకు మా చేలో పంచె కడుతున్నాం. ఏమేం వచ్చాయో వచ్చే వీడియోలో ఒక్కొక్కటి చూపిస్తా.